పత్తికి ఏసీ ఎందుకండీ?

గదికి ఎంత ఏసీ కావాలో చెప్పడం ఇప్పుడు పెద్ద పనే కాదంటున్నారు. ఫోనులో పొడవూ వెడల్పూ కొడితే అదే లెక్క చెప్పేసిద్దంట. మంచిదే. ఆ ఫోను పట్టుకుని ఒక్కసారి వినుకొండ వైపు పల్లెల్లోకి, పత్తి తీతలయ్యాక వెళ్ళి రండి. అప్పుడు మాట్లాడుకుందాం.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఒక కొట్లో ఏసీలు బిగించేవాణ్ణి. ఎక్కువగా కిటికీలో కూర్చోబెట్టే ఏసీలే. గోడకి కన్నం కొట్టడం, చెక్క ఫ్రేము దించడం, నీళ్ళు బయటికి కారేట్టు వెనక్కి కాస్త వంపు ఇవ్వడం, అదీ నా పని. అక్షరాలు నలభై దాటాక మా ఆవిడ దగ్గర నేర్చుకున్నా. అందుకని నేను రాసేది మాట్లాడినట్టే ఉంటది. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు చదువుతారనే రాస్తన్నా. మిగతావాళ్ళు చదివినా నష్టం లేదు.

గది కొలిచి సైజు చెప్పడం నా పని కాదు. దానికి కొట్లో వేరే ఆయన ఉండేవాడు. కొలతలాయన అందాం. ఇస్త్రీ చొక్కా, నడుముకి మెరిసే టేపు. ఆ టేపు ఆయన బయటికి లాగగా మేమెవరం చూడలేదు. గుమ్మంలో నిలబడి, ఒక కన్ను మూసి, తల అటూ ఇటూ తిప్పి "టన్ను" అనేవాడు. అంతే, టన్నే. "టేపుకి అబద్ధం రావచ్చునోయ్, నా కంటికి రాదు" అనేవాడు. నిజం చెప్పాలంటే టౌనులో ఆయన కన్ను తప్పగా నేనూ చూడలేదు. టౌను గది ఎక్కడికి పోద్ది? ఇవాళ ఎంతుందో రేపూ అంతే ఉంటది.

ఇక అసలు సంగతి. ఒక ఏడు ఎండలు ముదరకముందే ఒక రైతు, ఆయన భార్య, మిరపకాయలు యార్డులో దించి అటునుంచటే మా కొట్టుకి వచ్చారు. వాళ్ళు లోపలికి అడుగు పెట్టగానే బట్టల్లోని ఘాటుకి కొట్లో ఉన్నవాళ్ళం వరసగా తుమ్మాం. మా ఓనరు తుమ్ముతూనే కుర్చీలు చూపించాడు.

"మా అమ్మాయి పురిటికొస్తంది. ఏసీ కావాల" అన్నాడు రైతు.

"వస్తదో రాదో ఏసీని బట్టి" అంది భార్య.

ఆవిడే విడమరిచి చెప్పింది. ఒక్కతే కూతురు. తాడేపల్లిలో ఇచ్చారు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలని ఈవిడ పట్టు. వేసవిలో మీ ఊళ్ళో నా కోడలు ఉడికిపోద్దని వియ్యపురాలి పట్టు. చివరికి ఆ తాడేపల్లావిడ ఒక మెట్టు దిగి, ఏసీ గది ఉంటే పంపుతా, అదీ నా కళ్ళతో చూసి, నా ఒంటికి చల్లగా తగిలాకే, అందంట.

"పాత చీరలన్నీ ఉతికి, చింపి, పొత్తిగుడ్డలు మడతేసి పెట్టుకున్నానయ్యా. పెట్టె నిండా ఉన్నయ్యి. పిల్ల రాకపోతే అవి చూసుకుంటా ఎట్టా కూచోను నేను?" అంది. మా కొలతలాయన టేపు సర్దుకుని, "మీ అమ్మాయి వచ్చిద్దమ్మా. పూచీ నాది" అన్నాడు.

మర్నాడు వెళ్ళాం. వసారాలో నులక మంచం మీద రైతు తల్లి కూర్చుని ఉంది. పళ్ళు లేవు గానీ గొంతు ఖంగుమంటంది. ఆవిడ పక్కనుంచి వెళ్ళి ఆ గది తలుపు తీశారు. తీయగానే పత్తి కనపడింది. గది కనపడలేదు.

ఆ నేలలో పత్తి పండించేవాళ్ళు రేటు వచ్చేదాకా పంట ఇంట్లోనే పోసుకుంటారు. బాగున్న గది చూసి అందులోనే పోస్తారు, వాన పడదు, ఎలుకలు తక్కువని. మనుషులు మిగిలిన జాగాలో సర్దుకుంటారు. ఈ గదిలో నేల నుంచి వాసాల దాకా తెల్లటి గోడలాగా పత్తి నిలబడి ఉంది. దాని ముందు ఒక మంచం, ఒక బీరువా, ఒక కిటికీ, పైన ఒక ఫ్యాను, గోడకి ఒక దేవుడి పటం. అంతే.

కొలతలాయన గుమ్మంలో నిలబడి కన్ను మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"పత్తిని కలుపుకోవాలా, వదిలెయ్యాలా?"

రైతు నవ్వాడు. "పత్తికి ఏసీ ఎందుకండీ? దానికేమన్నా చెమట పోస్తదా? మనుషులు పడుకునే కాడికి చూడండి."

"రేటొస్తే అమ్మమా ఏంది?" అంది భార్య.

"రేటు! పోయినేడు వచ్చిందా? అంతకుముందేడు వచ్చిందా? ఈ పత్తి ఈ గదిలోనే ముసలిదైపోద్ది. నువ్వూరుకో."

"పడుకునేది ఎంతమంది?" అని అడిగాడు కొలతలాయన. ఈ ప్రశ్న మీరూ మర్చిపోకుండా అడగాలి. ఒక్కో మనిషీ ఒక్కో చిన్న కుంపటి. గదిలో కుంపట్లు ఎన్ని ఉంటే మిషనుకి అంత పని.

"తల్లీ, బిడ్డా. ఇంకెవరుంటారు?"

"ముప్పావు టన్ను" అన్నాడు కొలతలాయన.

వసారాలోంచి ముసలావిడ గొంతు వచ్చింది. "ఒరేయ్, బాలింతరాలికి..."

"నువ్వుండమ్మా! ఇది కరెంటు యవ్వారం" అన్నాడు రైతు.

కొట్టు నుంచి మిషను తెప్పించాక నేను కిటికీ తీసేసి, ఫ్రేము దించి, మిషను కూర్చోబెట్టా. పత్తికి దగ్గరగా కరెంటు తీగ ఒక్కటి కూడా పోనివ్వకుండా లాగా. రైతు ఊరికే నిలబడలేక బీడీ నోట్లో పెట్టుకుంటే, నేను లాగి బయట పారేశా. "నా ఇంట్లో నా బీడీ పారేస్తావా?" అన్నాడు. "మీ ఇల్లు మీకు ఉండాలనే" అన్నా.

స్విచ్చి వేశాం. అబ్బో! ఏం చెప్పమంటారు. పత్తంటే పరుపులో ఉండేదే కదా. పరుపు కప్పుకుని పడుకున్నట్టుంది ఆ గది. బయట వేడి లోపలికి రాదు, లోపల చలి బయటికి పోదు. కాసేపటికే రైతు మోచేతులు రుద్దుకున్నాడు, భార్య వెళ్ళి శాలువా కప్పుకొచ్చింది. మా కొలతలాయన చేతులు కట్టుకుని, ఆ చలంతా తన నోట్లోంచే వస్తన్నట్టు నిలబడ్డాడు. ఆ తర్వాత కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ "ముప్పావు టన్నుతో ఊటీ చేసి వచ్చా" అని చెప్పుకున్నాడు. వినీ వినీ మాకు జలుబు చేసింది.

తాడేపల్లావిడ చూడ్డానికి వస్తానన్న రోజు ఏదో పని పడి వాయిదా పడింది. ఆ మధ్యలో ఎవరూ అనుకోని ఘోరం జరిగింది. పత్తికి రేటొచ్చింది.

రైతన్నవాడు రేటొచ్చిన రోజు ఏసీ గుర్తుపెట్టుకుంటాడా? లారీ పిలిచాడు, తూకం వేయించాడు, గది ఊడ్పించాడు. పత్తి కింద ఎప్పుడో పోయిందనుకున్న సైకిలు పంపు దొరికిందని కూడా సంబరపడ్డాడంట.

ఒకరోజు తెల్లారేసరికి నాకు ఫోను. రైతు భార్య.

"అన్నయ్యా, మీ ఏసీ చచ్చిపోయింది! రాత్రంతా వేసి ఉంచినా చల్లబడలా. మా తాడేపల్లి వదిన ఇవాళే వస్తంది. అమ్మాయిని కూడా తీసుకొస్తంది. చల్లగా లేకపోతే అదే కార్లో వెనక్కి తీసుకుపోద్ది. ఇంక నా మొహం..." అని ఆగిపోయింది.

కొలతలాయన మోటారు సైకిలు మీద నన్ను ఎక్కించుకుని పరిగెత్తించాడు. దారంతా "గ్యాసు లీకయ్యుంటది, నువ్వు పైపు ఎక్కడో నలిపుంటావు" అంటానే ఉన్నాడు. నేను మాట్లాడలా. వెనక కూచున్నోడికి దుమ్ము నోట్లోకి పోద్ది.

ఆ గది తలుపు తీసి ఇద్దరం నోరు తెరిచాం. అది గది కాదు, చిన్న కల్యాణమండపం. ఆ చివర ఇంకో ఫ్యాను, ఇంకో దేవుడి పటం, పడమటి ఎండకి కాగిపోతన్న ఇంకో గోడ, అన్నీ పత్తి వెనకాల మాకు తెలీకుండా కాపురం ఉన్నాయి. "ఏవండీ" అని పిలిస్తే గది "అండీ" అంది. ఆ మూల మన ముప్పావు టన్ను పాపం బుస్సుమని ఊదుతానే ఉంది, పెళ్ళి పందిట్లో ఒక్కడే విసనకర్ర ఊపుతన్నట్టు.

కొలతలాయన ఆ రోజు టేపు బయటికి లాగాడు. లాగుతానే ఉన్నాడు. ఆ చివరి గోడకి చేరేటప్పటికి ఆయన ఇస్త్రీ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"దీనికి రెండు టన్నులు కావాలి" అన్నాడు మెల్లగా.

"ఇంత మొన్న లేదే ఈ గది!" అన్నాడు రైతు. ఆయన నిజంగానే ఆశ్చర్యపోతన్నాడు. ఏళ్ళ తరబడి అందులో పత్తి తప్ప ఏం చూడలా ఆయన.

పెద్ద మిషను తేవాలంటే మళ్ళీ గుంటూరు పోవాలి, కన్నం పెద్దది చెయ్యాలంటే గోడ కొట్టాలి. అవతల కారు బయల్దేరిందని ఫోనొచ్చింది. రైతు తల పట్టుకున్నాడు. ఆయన భార్య మాత్రం గది మధ్యలో నిలబడి అటూ ఇటూ చూసింది.

"పత్తున్నప్పుడు చల్లగా ఉంది కదా?"

"ఉంది."

"అయితే పత్తి తెస్తే పోద్ది."

చెంగు బొడ్లో దోపి పక్కింటికి నడిచింది. మేం వెనకాలే పోయాం. పక్కింటాయన ఈ రైతుకి బావ వరస. రేటు ఇంకా పెరుగుద్దని పత్తి అమ్మకుండా, అమ్మినవాళ్ళందర్నీ చూసి నవ్వుతా అరుగు మీద కూచుని ఉన్నాడు.

"ఏరా బావా! నీది అమ్ముకుని ఇప్పుడు నా పత్తి మీద పడ్డావా?"

"సాయంత్రానికి ఇచ్చేస్తా బావా. ఒక్క గింజ తగ్గదు."

"ఎండలో నా పత్తి చేతులు మార్చి నాకేంది లాభం?" అని, ఆయన నా వైపు తిరిగాడు. "ఏవయ్యా మేస్త్రీ, ఏసీలో పెడితే పత్తి కాస్త చెమ్మ పట్టి బరువెక్కుద్దా?"

ఎక్కదండీ, ఈ మిషను గాల్లో తడిని లాగి బయట పారబోసిద్ది, అని చెప్పబోయా. "ఎక్క..." అన్నానో లేదో కొలతలాయన బూటుకాలు నా చెప్పుకాలి మీద పడింది.

"ఎక్కుద్ది! బ్రహ్మాండంగా ఎక్కుద్ది!" అన్నాడాయన.

"అట్టా చెప్పు" అని బావ గారు తనే ముందు లేచి గోనె బోరాలు తీశాడు.

వీధిలో ఆడవాళ్ళు, మగవాళ్ళు, మేమిద్దరం, అందరం కలిసి పత్తి కుక్కడం, మొయ్యడం, గది మధ్యలో అడ్డంగా ఒకదాని మీద ఒకటి పేర్చడం. మూతులు కుట్టే తీరిక ఎవరికుంది? పైవరస బోరాలన్నీ నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ముందు రెండు పూల దుప్పట్లు తాడు కట్టి వేలాడదీశాం. గది మళ్ళీ మొన్నటంత అయింది. కొలతలాయన వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి చూసి, "ముప్పావు టన్ను" అన్నాడు. ఆయన రోగం ఆయనది.

వసారాలో ముసలావిడ ఈ రాకపోకలన్నీ చూస్తా, "ఒరేయ్, అసలు బాలింతరాలికి..." అంది.

"అత్తా, ఇప్పుడు కాదు!" అంది రైతు భార్య, బోరం కిందనుంచి.

కారు వచ్చేసరికి గది చల్లబడింది. తాడేపల్లావిడ దిగింది. భారీ మనిషి, మెడలో కళ్ళజోడు గొలుసు. వెనకాల రైతు కూతురు, నడుం మీద చెయ్యేసుకుని, ఎండకి మొహం ఎర్రబడి, నెమ్మదిగా నడిచొచ్చింది. వాళ్ళమ్మ ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుంది. మంచినీళ్ళివ్వడం కూడా మర్చిపోయి నేరుగా ఆ గదిలోకి తీసుకెళ్ళి మంచం మీద కూచోబెట్టింది.

వియ్యపురాలు గది మధ్యలో నిలబడి చెయ్యి చాపింది. గాలి తగిలింది. తల ఊపింది.

"చల్లగానే ఉంది వదినా. గది మాత్రం చిన్నది."

"చిన్న గదికేగా వదినా చల్లదనం!"

"ఆ దుప్పట్లేంది?"

"దిష్టి తగలకుండా కట్టాం అక్కగారూ" అన్నాడు రైతు. ఆయనకి అబద్ధం ఎప్పుడూ చేతకాదు.

వియ్యపురాలు పైకి చూసింది. ఫ్యాను ఉంది. స్విచ్చి బోర్డు వైపు చూసింది. బోర్డు మీద ఫ్యాను రెగ్యులేటర్లు రెండు ఉన్నాయి. అంత హడావుడిలో మాలో ఒక్కడికీ ఆ సంగతి తట్టలా.

"ఒక ఫ్యానుకి రెండెందుకు?" అంటా రెండో స్విచ్చి నొక్కింది.

దుప్పట్ల వెనకాల ఏదో కీచుమంది. తర్వాత గిరగిరమంది. తర్వాత పూల దుప్పట్లు మెల్లగా పొట్ట ఉబ్బించుకున్నాయి. వాటి పైనుంచి పత్తి వచ్చింది. ఒక పింజ, నాలుగు పింజలు, ఆ తర్వాత వాన. నడి వేసవిలో వినుకొండ వైపు మంచు కురవగా చూసినవాణ్ణి నేను. వియ్యపురాలి జడ మీద, కళ్ళజోడు మీద, రైతు మీసాల మీద, కొలతలాయన తెరిచిన నోట్లో, అంతటా పడింది. నేను పరిగెత్తి స్విచ్చి ఆపా. ఆపినా కాసేపు రాలతానే ఉంది.

"నా పత్తి!" అని గుమ్మంలోంచి బావ గారు గావుకేక పెట్టాడు.

వియ్యపురాలు దుప్పటి పక్కకి లాగి చూసింది. బోరాల మధ్య సందులోంచి ఆ వెనకున్న సగం గదినీ చూసింది. రైతు భార్య ఇక దాచి లాభం లేదనుకుంది. "గది పెద్దది వదినా. మిషను చిన్నది. పత్తి అమ్మేశాక తెలిసింది. నువ్వు చల్లగా లేకపోతే పిల్లని తీసుకుపోతావని పక్కింటోళ్ళ పత్తి మోసుకొచ్చాం. ఇదీ సంగతి. ఇక నీ ఇష్టం" అంది.

వియ్యపురాలు తన భుజం మీద పడ్డ పింజ ఒకటి తీసి, రెండు చేతుల బొటనవేళ్ళతో పట్టి మెల్లగా సాగదీసింది. పత్తి ఇంట్లో పుట్టినవాళ్ళు తప్ప అట్టా సాగదీయరు. ఆవిడ పుట్టిల్లు పర్చూరు వైపని మాకు తర్వాత తెలిసింది.

"పింజ పొడుగే. ఎవరిదీ పత్తి?"

"నాదేనండి" అన్నాడు బావ గారు.

"ఇంకా అమ్మలేదా?"

"పెరుగుద్దని..."

"నోళ్ళు తెరిచిన బోరాల్లో పెడితే ఏం పెరుగుద్ది, పక్కూరికి ఎగిరిపోద్ది. అమ్మెయ్" అని, రైతు భార్య వైపు తిరిగింది. "పసిగుడ్డు ముక్కులో ఈ నూగు పోతే ఏంగాను వదినా? నేను పిల్లని..."

అక్కడ ఆగింది. అందరం మంచం వైపు చూశాం. పిల్ల ఒక పక్కకి తిరిగి, చెంప మీద పత్తి పింజతో, నోరు కాస్త తెరుచుకుని నిద్రపోతంది. ఇంత గోల జరిగినా కదల్లేదు. వాళ్ళమ్మ లేపడానికి వంగబోయింది.

"లేపమాక వదినా" అంది వియ్యపురాలు, గొంతు తగ్గించి. "తాడేపల్లిలో వారం నుంచీ సరిగ్గా నిద్రపోలా అది." కాసేపు ఆ పిల్లనే చూసి, "ఈ పత్తి తీసేయించి, ఆ జాగాలో చెక్క గోడ కట్టించండి. కట్టేదాకా నేనూ ఇక్కడే ఉంటా. ఎట్టా కడతారో చూడాలిగా" అంది.

రైతు భార్య ముఖం వెలిగింది. రెండో మాట అర్థమయ్యాక కాస్త తగ్గింది.

చెక్క గోడ మా వడ్రంగి కట్టాడు, ఈసారి టేపుతో కొలిచి. ముప్పావు టన్నే సరిపోయింది. కొలతలాయన పరువు నిలబడిందనే చెప్పాలి, గదిని కోసి మిషనుకి సరిపెట్టాం కాబట్టి.

కాన్పయిన కొన్నాళ్ళకి మళ్ళీ ఫోను. "అన్నయ్యా, చల్లదనం తగ్గింది." నేనొక్కణ్ణే వెళ్ళా. మధ్యాహ్నం, ఎండ మాడిపోతంది. వీధిలో కుక్క కూడా లేదు. ఆ గది తలుపు తోశా. సగం తెరుచుకుని ఆగింది, ఎవరిదో కాలు అడ్డం.

మంచం మీద వియ్యపురాలు. గోడ కట్టి ఎన్నాళ్ళో అయింది, ఆవిడ మాత్రం కదల్లా. కింద చాప మీద రైతు. ఆయన పక్కన బావ గారు, పత్తి అమ్ముకుని నిశ్చింతగా గురక పెడతా. వీధిలో ఆ రోజు బోరాలు మోసిన వాళ్ళు సగం మంది. మోసినందుకు ఇది మా హక్కు అన్నట్టు పడుకున్నారు. తల్లీ బిడ్డా అని లెక్క కట్టిన గదిలో కుంపట్లు వరసగా పేర్చి ఉన్నాయి. మిషను ఏం చేస్తది, దాని ప్రాణం అది పెట్టి ఊదుతంది.

నేను చాపల మీద మొహాలన్నీ వెతికా. ఇద్దరు లేరు.

"అమ్మాయేదమ్మా?" అని అడిగా రైతు భార్యని.

ఆవిడ నవ్వు ఆపుకుంటా వెనక వసారా చూపించింది. తడికె చాటున ఇంకో నులక మంచం. దాని మీద ఆ పిల్ల, తలకి గుడ్డ కట్టుకుని, రెండు చెవుల్లో పత్తి ఉండలు పెట్టుకుని, చెమటలు కక్కతా. పక్కనే చీర ఉయ్యాల్లో బిడ్డ హాయిగా నిద్రపోతంది. ఉయ్యాల తాడు పట్టుకుని, విసనకర్ర ఊపుతా ముసలావిడ.

"మొదట్నుంచీ చెప్తానే ఉన్నా" అంది ఆవిడ, ఖంగుమని. "బాలింతరాలికి చలిగాలి తగలకూడదురా అని. ఒక్కడన్నా నోరు తెరవనిచ్చాడా?"

"వీళ్ళిద్దరికీ కాకపోతే మరి ఏసీ ఎవరికి మామ్మా?" అన్నా.

"లోపల పడున్నారుగా" అంది. "నా మంచం కూడా ఆ గదిలో వెయ్యమని చెప్పి పో. సాయంత్రం పూట ఎవరన్నా లేస్తే."

లోపలికి వెళ్ళి చూశా. జాగా లేదు.

అందుకని కుర్రాళ్ళూ, పొడవూ వెడల్పూ కొలవండి, పడమటి గోడ చూడండి, గదిలో ఏం పోసి ఉందో అది అమ్మేదో కాదో కనుక్కోండి. ఎంతమంది పడుకుంటారని అడిగి, వాళ్ళు చెప్పింది వినండి గానీ నమ్మమాకండి. ఆఖర్న ఒకసారి వసారాలోకి పోయి, అక్కడ కూచున్న ముసలావిడ ఏదన్నా చెప్పబోతే చెప్పనియ్యండి.